‘పైకి వెళ్ళే బెలూన్ కుంచించుకుపోతుందని క్లాసులో చెప్పేశాను, ఇప్పుడెలా?’

గుంటూరులోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పే లెక్చరర్ ఈ ఉత్తరం రాశారు. తన పేరు గాని, కళాశాల పేరు గాని బయటికి రాకూడదని కోరారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులను కుదించి ఇస్తున్నాను.

ఆమె ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. నెల కిందట వాయు నియమాల పాఠం జరుగుతుండగా, పొన్నూరు వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి లేచి, వాతావరణ శాఖవారు వదిలే బెలూన్ పైకి వెళ్ళేకొద్దీ ఎంత పెద్దదవుతుందో ఈ నియమాలతో ముందుగానే చెప్పవచ్చా అని అడిగింది. సిలబస్ వెనకబడిందన్న తొందరలో ఉన్న ఈమె, ‘‘పైన చలి. చలికి వాయువు ఘనపరిమాణం తగ్గుతుందని ఇప్పుడే కదా చార్లెస్ నియమం చెప్పాను? బెలూన్ కుంచించుకుపోతుంది, కూర్చో’’ అన్నారు. క్లాసంతా నవ్వింది. మర్నాడు ఆ అమ్మాయి ఒక ఠావు కాగితం నిండా లెక్క వేసి తెచ్చింది. నేల మీద ఒకటిన్నర మీటర్ల వ్యాసం ఉన్న బెలూన్ 31 కిలోమీటర్ల ఎత్తులో ఏడు మీటర్ల వ్యాసానికి పెరుగుతుందని అందులో తేల్చింది. ఈమె చివరి వాక్యం మాత్రం చూసి, ఎర్ర సిరాతో అడ్డంగా ‘తప్పు’ అని రాశారు. అమ్మాయి ఆ కాగితాన్ని బల్ల మీదే వదిలి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని తానే లెక్క వేసి చూసుకుంటే, బెలూన్ పెరుగుతుందనే తేలింది. చెప్పడానికి నోరు రాక మూడు వారాలు గడిచాయి. ఈలోగా వేరే సెక్షన్ వారు తయారుచేసిన స్లిప్ టెస్టులో ఇదే ప్రశ్న వచ్చింది. అరవై రెండు మందిలో దాదాపు అందరూ ‘తగ్గుతుంది’ అని రాశారు. ఆ అమ్మాయి కూడా ‘చలి వల్ల తగ్గుతుంది’ అని ఒకే ఒక్క వాక్యం రాసింది. దిద్దని పేపర్లు ఇంకా ఈమె సంచిలోనే ఉన్నాయి. ‘ఒప్పుకుంటే పిల్లలు నెత్తికెక్కుతారు, పబ్లిక్ పరీక్షలో ఈ ప్రశ్న ఎలాగూ రాదు, వదిలెయ్’ అని తోటి లెక్చరర్ అంటున్నారు. మార్చిలో ఉద్యోగం కొనసాగింపు ఉంది, యాజమాన్యం విద్యార్థుల అభిప్రాయాలు కూడా తీసుకుంటుంది. పైగా ఆ అమ్మాయి కాగితంలోనూ తప్పులున్నట్టు అనిపిస్తోందని, అలాంటప్పుడు తాను ఒప్పుకోవలసింది ఎంత, ఎలా అని ఆమె అడుగుతున్నారు. అమ్మాయి కాగితం జిరాక్సు కూడా ఉత్తరానికి జతచేశారు.

అమ్మా,

మీరు ఎంత ఒప్పుకోవాలన్నది మీరు ఎంత తప్పారన్న దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి, ముందు బెలూన్ సంగతి తేల్చుకుందాం. అది తేలకుండా క్లాసులో నిలబడితే, ఒక పొరపాటును దిద్దబోయి మరొకటి చెప్పే ప్రమాదం ఉంటుంది.

మీరు చెప్పిన నియమం సరైనదే. పీడనం మారకుండా ఉంటే చలికి వాయువు సంకోచిస్తుంది. కాని పైకి వెళ్ళే బెలూన్ విషయంలో పీడనం మారకుండా ఉండదు. ఆ అమ్మాయి కాగితం చూడండి, పీడనం తగ్గితే ఘనపరిమాణం పెరుగుతుందనే బాయిల్ నియమం ఒక్కటే ఆమె వాడింది, అంటే ఉష్ణోగ్రత మారదనుకుంది. మీరు పీడనాన్ని వదిలేశారు, ఆమె ఉష్ణోగ్రతను వదిలేసింది. రెండు నియమాలనూ కలిపి, పీడనాన్ని ఘనపరిమాణంతో హెచ్చవేసి పరమ ఉష్ణోగ్రతతో (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చే కెల్విన్లతో) భాగిస్తే వచ్చే విలువ మారదని మీరే ఆ పాఠంలో తరవాతి పేజీలో చెప్పి ఉంటారు. ఈ లెక్కకు కావలసింది ఆ పేజీ.

మన ప్రాంతపు ఆకాశానికి స్థూలంగా సరిపోయే అంకెలతో చేసి చూపుతాను. నేల మీద పీడనం 1010 మిల్లీబార్లు, ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, అంటే 303 కెల్విన్లు అనుకుందాం. దాదాపు పదహారున్నర కిలోమీటర్ల ఎత్తున మన అక్షాంశాల్లో పీడనం 100 మిల్లీబార్లకు, ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 80 డిగ్రీల దగ్గరికి, అంటే 193 కెల్విన్లకు పడిపోతుంది. నేల మీద వంద లీటర్లు ఉన్న వాయువును అక్కడికి తీసుకువెళ్ళామనుకోండి. మీరు చెప్పినట్టు చలి ఒక్కటే పనిచేస్తే అది 64 లీటర్లవుతుంది. ఆ అమ్మాయి అనుకున్నట్టు పీడనం ఒక్కటే పనిచేస్తే 1010 లీటర్లవుతుంది. రెండూ కలిసి పనిచేస్తాయి కాబట్టి నిజానికి 643 లీటర్ల దగ్గర ఉంటుంది. చలి చేసే సంకోచం చిన్నదేమీ కాదు, మూడో వంతుకు పైగా కోసేస్తుంది. అయినా పీడనం తగ్గడం వల్ల వచ్చే వ్యాకోచం ముందు అది నిలవలేదు.

సున్నాకు దిగువన 80 డిగ్రీలు అనగానే మన మనసుకు అది ఎంతో పెద్ద పతనంగా తోస్తుంది, ఎందుకంటే మనం సెల్సియస్‌లో ఆలోచిస్తాం. మీ పొరపాటుకు మూలం ఇదేనని నా నమ్మకం. వాయువుకు మాత్రం సెల్సియస్ సున్నాతో పనిలేదు. దాని లెక్కలో ఉష్ణోగ్రత 303 నుంచి 193కు దిగింది, అంతే. పీడనం అదే దూరంలో పదో వంతుకు పడిపోయింది. పైగా, పైకి వెళ్ళేకొద్దీ చలి పెరుగుతూనే ఉంటుందన్నది కూడా నిజం కాదు. ఆ ఎత్తు దాటాక ఉష్ణోగ్రత మళ్ళీ పెరగడం మొదలవుతుంది. 31 కిలోమీటర్ల దగ్గర పీడనం 10 మిల్లీబార్లే ఉంటుంది గాని, ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 40 డిగ్రీల ప్రాంతానికి, అంటే 233 కెల్విన్లకు తిరిగి చేరుతుంది. నేల మీది ఘనపరిమాణం అక్కడ సుమారు 78 రెట్లవుతుంది. వ్యాసం ఘనమూలాన్ని అనుసరిస్తుంది కాబట్టి అది 4.27 రెట్లే పెరుగుతుంది. ఒకటిన్నర మీటర్ల బెలూన్ 6.4 మీటర్లవుతుంది. ఆ అమ్మాయి ఏడు అంది. వాతావరణ శాఖవారు వాడే బెలూన్లు పగిలే ముందు ఆరు నుంచి ఎనిమిది మీటర్ల వ్యాసానికి చేరతాయని చదివాక ఆమె జవాబును మరోసారి చూడండి. పదహారేళ్ళ పిల్ల ఒక్క గుణకం వదిలేసి కూడా అంత దగ్గరికి వచ్చింది.

మీ మనసులో ఇంకా ఒక సందేహం మిగిలి ఉండవచ్చు. ఏదో ఒక చోట, ఎప్పుడో ఒకప్పుడు చలి గెలిచి బెలూన్ చిన్నదయ్యే అవకాశం లేదా? పిల్లల్లో ఒకరు ఇది తప్పక అడుగుతారు కాబట్టి సిద్ధంగా ఉండండి. నేల దగ్గర కిలోమీటరు ఎత్తుకు పీడనం 11 శాతానికి కాస్త పైగా తగ్గుతుంది. చలి దాన్ని రద్దు చేయాలంటే పరమ ఉష్ణోగ్రత కూడా అంతే శాతం తగ్గాలి, అంటే 303లో సుమారు 34 డిగ్రీలు తగ్గాలి. కిలోమీటరుకు 34 డిగ్రీల కన్నా వేగంగా చల్లబడే ఆకాశంలోనైతే మీరు క్లాసులో చెప్పినది నిజమవుతుంది. అసలు ఆకాశం సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలే చల్లబడుతుంది. పిల్లలకు అరకు ఉదాహరణ చెప్పండి. అరకు మనకన్నా సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, గుంటూరులో 30 డిగ్రీలున్న రోజున అక్కడ నీళ్ళు గడ్డకట్టవు. ఘాట్ రోడ్డు ఎక్కాక సంచిలోని చిప్స్ ప్యాకెట్ బిగుసుకుని ఉబ్బడం మాత్రం విహారయాత్రకు వెళ్ళిన ప్రతి పిల్లా చూసే ఉంటుంది.

ఇక ఆ అమ్మాయి కాగితంలో మీరు పట్టుకున్న రెండో తప్పు. ‘బెలూన్ పెద్దదయ్యేకొద్దీ గాలి దాన్ని ఇంకా ఎక్కువ బలంతో పైకి తోస్తుంది’ అని ఆమె చివర రాసింది. అది నిజంగా తప్పే, కాని ఎంత అందమైన తప్పో చూడండి. ఒకటిన్నర మీటర్ల బెలూన్ నేల మీద రెండు కిలోల కన్నా కాస్త ఎక్కువ గాలిని పక్కకు తోస్తుంది. 31 కిలోమీటర్ల ఎత్తున దాని ఘనపరిమాణం 78 రెట్లయింది, బయటి గాలి సాంద్రత సరిగ్గా అన్ని రెట్లు తగ్గింది. హెచ్చవేస్తే మళ్ళీ అదే రెండు కిలోల చిల్లర వస్తుంది. లోపలి వాయువు బయటి గాలికి సమానమైన పీడనంలో, ఉష్ణోగ్రతలో ఉన్నంతకాలం పైకి తోసే బలం పెరగదు, తగ్గదు. అందుకే ఆ బెలూన్ సెకనుకు సుమారు అయిదు మీటర్ల చొప్పున దాదాపు ఒకే వేగంతో గంటా నలభై నిమిషాల పైచిలుకు ప్రయాణం చేయగలుగుతుంది. ఆమె వాక్యాన్ని కొట్టేయడానికి బదులు ఈ లెక్కను ఆమె చేతే వేయించవచ్చు.

లెక్కకు కొన్ని హద్దులున్నాయని కూడా చెప్పండి. రబ్బరు బిగువు వల్ల లోపలి పీడనం బయటి కన్నా కొంచెం ఎక్కువగా ఉంటుంది, అందువల్ల వ్యాసం లెక్కకన్నా కాస్త తక్కువ రావచ్చు. ఎండ తగిలితే లోపలి వాయువు బయటి గాలికన్నా వేడెక్కుతుంది. సాగని పొరతో చేసిన బెలూన్‌కు ఈ లెక్క అది నిండేవరకే వర్తిస్తుంది. హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధనా సంస్థవారి కేంద్రం నుంచి ఎగరవేసే పెద్ద ప్లాస్టిక్ బెలూన్లను అందుకే కొద్ది భాగమే నింపుతారు. నేల మీద పై కొసన ఒక ఉబ్బు, దాని కింద వేలాడే ఖాళీ మడతలు తప్ప ఏమీ కనిపించవు. పైన అవి నిండుగా విచ్చుకుంటాయి, మిగులు వాయువు పోవడానికి కింద దారి వదులుతారు.

ఇప్పుడు మీ చిక్కుకు వస్తాను.

మీ సహోద్యోగి చెప్పినట్టు వదిలేయడం ఒక మార్గం. ఆయన మాటలో ఒక నిజం ఉంది, ఈ ప్రశ్న పబ్లిక్ పరీక్షలో రాకపోవచ్చు, అరవై మందిలో చాలామంది దీన్ని మరిచిపోవచ్చు. కాని ఆ అమ్మాయి స్లిప్ టెస్టులో రాసిన వాక్యాన్ని మీరు ఉత్తరంలో రెండుసార్లు ప్రస్తావించారు. అది మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని నాకు తెలుస్తోంది, పోనివ్వకూడదు కూడా. ఆమెకు సరైన జవాబు తెలుసు. తెలిసి, మార్కుల కోసం మేడమ్ జవాబు రాసింది. మీరు మౌనంగా ఉండి ఆ పేపరుకు మార్కులు వేస్తే, లెక్కకన్నా లెక్చరర్ మాటే చెల్లుతుందని ఆమెకు ఎర్ర సిరాతో రెండోసారి చెప్పినట్టవుతుంది.

రెండో మార్గం, క్షమాపణలూ చర్చలూ లేకుండా, తరవాతి క్లాసులో సరైన జవాబును నోట్సుగా రాయించడం. మీ పరువుకు ఇది సురక్షితంగా కనిపిస్తుంది. కాని పిల్లల నోట్సుల్లో ఒకదానికొకటి పొసగని రెండు వాక్యాలు ఉంటాయి, ఏది నమ్మాలో తెలియని బలహీనమైన విద్యార్థే ముందు నష్టపోతాడు. ఆ అమ్మాయి మాత్రం, తాను ఇచ్చిన కాగితంలోని లెక్కే తన పేరు లేకుండా బోర్డు మీద కనిపించిందని గమనిస్తుంది. ఈ మార్గాన్ని నేను సమర్థించలేను.

మూడోది, ఆమెను ఒంటరిగా పిలిచి మాట్లాడడం. ఇది తప్పనిసరి అని నా అభిప్రాయం, అయితే ఇదొక్కటే చాలదు. క్లాసు నవ్వింది అందరి ముందు కదా. స్టాఫ్ రూములో చెప్పిన మాట ఆ నవ్వు దాకా వెళ్ళదు.

నాలుగోది, క్లాసు ముందే చెప్పడం. మీ భయమంతా దీని గురించే, అది అర్థంలేని భయం కాదు. కొనసాగింపు చేతిలో లేని ఉద్యోగంలో ఉన్నవారికి ధైర్యం నూరిపోయడం బయటివారికి తేలిక. అందుకే దీన్ని ఎంత పెద్దది చేయాలన్నది మీరే నిర్ణయించుకోండి. కన్నీళ్ళతో, సుదీర్ఘమైన క్షమాపణతో చేస్తే పిల్లలు ఇబ్బంది పడతారు, కబురు స్టాఫ్ రూముకు వేరే రూపంలో చేరుతుంది. ‘‘ఆ రోజు నేను చార్లెస్ నియమం ఒక్కటే చూసి జవాబు చెప్పాను. పీడనం కూడా మారుతుందన్నది వదిలేశాను. మీ తోటి విద్యార్థిని దాన్ని పట్టుకుంది. ఇప్పుడు రెండూ కలిపి చేద్దాం’’ అని నాలుగు వాక్యాలు చెప్పి సుద్దముక్క చేతిలోకి తీసుకుంటే, పది నిమిషాల్లో అది పాఠంగా మారిపోతుంది. పాఠంగా మారినదాన్ని ఫిర్యాదుగా రాయడం ఏ విద్యార్థికైనా కష్టం. ఒకరిద్దరు వెనక గుసగుసలాడరని నేను హామీ ఇవ్వలేను.

నన్నడిగితే మూడు, నాలుగు మార్గాలను ఆ వరసలోనే కలపమంటాను. ముందు ఆమెతో మాట్లాడండి, ఎందుకంటే క్లాసులో తన పేరు చెప్పడం ఆమెకు ఇష్టమో కాదో మీకు తెలియదు. కొందరు పిల్లలకు బోర్డు దగ్గరికి రమ్మనడం గౌరవం, కొందరికి రెండో శిక్ష. పేరు వద్దంటే ‘మీలో ఒకరు’ అనండి చాలు. ఆమె మాట్లాడకుండా తల వంచుకుని ఉంటే బలవంతపెట్టకండి. మూడు వారాల మౌనం ఒక్క సాయంత్రంలో కరగకపోవచ్చు.

మీకు కొంత బలాన్నిచ్చే సంగతి ఒకటి ఈ పాఠంలోనే ఉంది. మీరు ఆ రోజు ఉటంకించిన నియమం ఎవరి పేరున ఉందో ఆ చార్లెస్, 1783 ఆగస్టు 27న పారిస్‌లో హైడ్రోజన్ నింపిన తన మొదటి బెలూన్‌ను మూతి మూసి వదిలారు. పైకి వెళ్ళేకొద్దీ లోపలి వాయువు వ్యాకోచించి గుడ్డ చిరిగింది, ముప్పావు గంటలో అది గొనెస్ అనే పల్లెలో కూలింది, భయపడిన ఊరివాళ్ళు దాన్ని పొడిచి చీల్చేశారు. అదే సంవత్సరం డిసెంబరు 1న ఆయన స్వయంగా ఎక్కిన బెలూన్‌కు కింద మూతి తెరిచి ఉంచారు, పైన వాయువును వదలడానికి కవాటం అమర్చారు. మధ్యలో గడిచింది మూడు నెలలు. దిద్దుబాటు లోకమంతా చూస్తుండగానే జరిగింది, ఆయన పేరు నియమానికి అలాగే నిలిచింది. మీ పిల్లలకు ఈ కథ చెప్పండి, అయితే మీ నాలుగు వాక్యాలు చెప్పిన తరవాతే చెప్పండి. ముందే చెబితే సాకులా వినిపిస్తుంది.

కళ్ళకు కట్టేలా ఏదైనా చూపాలనుకుంటే మీ ప్రయోగశాలలో ఉన్న వస్తువులు చాలు. సూది లేని 50 మిల్లీలీటర్ల సిరంజిలో గోళీకాయంత బెలూన్ ముక్కను ముడి వేసి పెట్టి, పిడిని 10 దగ్గర ఉంచి, మూతిని వేలితో మూసి, 40 దాకా లాగండి. పీడనం సుమారు నాలుగో వంతుకు పడిపోయి, బెలూన్ ముక్క అందరి కళ్ళముందే ఉబ్బుతుంది. ఆ పక్కనే, మూతికి బెలూన్ తగిలించిన సీసాను మంచు నీళ్ళలో పెడితే అది వాలిపోతుంది. మీరు చెప్పినదీ, ఆ అమ్మాయి చెప్పినదీ పక్కపక్కనే కనబడతాయి. కొండవీడు యాత్రకు వెళ్ళి బెలూన్‌ను టేపుతో కొలిపిద్దామన్న మీ ఆలోచన మాత్రం మానుకోండి. మూడు వందల మీటర్లు ఎక్కితే వ్యాసంలో తేడా నూటికి ఒకటి కూడా ఉండదు, బెలూన్ మీద పడే ఎండ తేడా అంతకన్నా ఎక్కువ ఉంటుంది, పిల్లలు తప్పు నిర్ణయంతో తిరిగి వస్తారు. బెలూన్ ఎగరవేసి చూపాలని సంతలో అమ్మేవారి దగ్గర వాయువు నింపించనూ వద్దు. అక్కడ చాలాచోట్ల వాడేది హైడ్రోజన్, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

మిగిలినవి సంచిలోని పేపర్లు. ‘తగ్గుతుంది’ అని రాసినవారికి సున్నా వేస్తే, మీరు చెప్పింది విన్నందుకు వాళ్ళకు శిక్ష పడుతుంది. పూర్తి మార్కులు వేస్తే తప్పు జవాబుకు ముద్ర వేసినట్టవుతుంది. ఆ ప్రశ్నను ఎవరికీ లెక్కించకుండా వదిలేసి, పాఠం మళ్ళీ చెప్పాక అదే ప్రశ్నను అంకెలతో ఇంకో స్లిప్ టెస్టులో ఇవ్వడం మేలనిపిస్తోంది. దానికి మీ విభాగాధిపతి అనుమతి కావలసి రావచ్చు, కాబట్టి క్లాసుకు ముందే ఆయన చెవిన వేయండి. పిల్లల ద్వారా తెలియడం కన్నా మీ నోటితో తెలియడం మార్చి నెలలో మీకే మంచిది.

ఆ ఠావు కాగితం మీ దగ్గరే ఉంది కదా. ఎర్ర సిరాతో రాసిన మాటను చెరపకండి, కొత్త కాగితం మీద ఎక్కించనూ వద్దు. దాని మీద ఒక గీత గీసి, ఆమె ఘనపరిమాణం కట్టిన మెట్టు పక్కన, 233ను 303తో భాగిస్తే వచ్చే గుణకాన్ని మీ చేత్తో చేర్చండి. ఏడు ఆరు పాయింట్ నాలుగు ఎలా అయిందో ఆమెనే చేయమని అడిగి, ఈసారి ఆ కాగితాన్ని ఆమె చేతికి ఇవ్వండి.